చలి సీజను వేదికలు: మన్యం ఆటకు దక్కేది పది నిమిషాలే!

లంబసింగి: చలి ముదిరే రోజులు వచ్చాయంటే నర్సీపట్నం నుంచి పైకెక్కే ఘాటు రోడ్డులో తెల్లవారుజాము మూడు గంటలకే కార్ల దీపాలు బారులు తీరతాయి. ఒకప్పుడు ఈ జనం చెరువులవేనం కొండెక్కి మంచు చూసి, తాజంగి రిజర్వాయరు గట్టున ఫొటోలు దిగి, రెండు గ్లాసుల టీ తాగి పొద్దెక్కేసరికి దిగిపోయేవారు. ఇప్పుడు అలా కాదు. రాత్రి బస చేస్తున్నారు. గుడారాలు వెలిశాయి. గుడారం ముందు నెగడు, నెగడు చుట్టూ కుర్చీలు. కుర్చీల్లో కూర్చున్నవారికి ఆటా పాటా కావాలి. కొందరు డి.జె. బాక్సులు పెట్టిస్తున్నారు. కొందరు థింసా ఆడేవాళ్లను పిలిపించమంటున్నారు.

సరిగ్గా ఇవే నెలల్లో అటు విశాఖపట్నంలోనూ వేదికలకు ఊపు వస్తుంది. వానలు వెనకబడి ఎండలు ముదరని కాలం కనుక ఆరుబయట కుర్చీలు వేసుకోవచ్చు. సంగీత సభలు, నాటకాలు, సినిమా పాటల రాత్రులు, ప్రభుత్వ ఉత్సవాలు చాలావరకు నవంబరు, ఫిబ్రవరి మధ్యనే పడతాయి. ఈ సందడిలో మన్యం వారికి రెండు విధాల పాత్ర వుంది. చూసేవారిగా కొండ దిగుతారు. ఆడేవారిగా కొండ దిగుతారు, కొండ మీదా ఆడతారు. అయితే చూసేవారికి బస్సు చిక్కు, ఆడేవారికి గడియారం చిక్కు. ఈ సీజనులో ఎక్కడ ఏముంటుందో చెబుతూ, ఈ రెండు చిక్కుల సంగతీ పాఠకుల ముందు పెడుతున్నాం.

పట్నంలో ఎక్కడెక్కడ?

విశాఖ ద్వారకా బస్‌స్టేషనులో (జనం వాడుకలో ఆర్.టి.సి. కాంప్లెక్సు) దిగితే సిరిపురం దగ్గరే. అక్కడ గురజాడ కళాక్షేత్రం వుంది. నృత్యాలు, నాటకాలు, సంస్థల వార్షికోత్సవాలు, సినిమా పాటల విభావరులు ఎక్కువగా దీనిలో జరుగుతాయి. అదే సిరిపురంలో వి.ఎం.ఆర్.డి.ఎ. కట్టిన చిల్డ్రన్స్ ఎరీనా వుంది. పేరు పిల్లలదే అయినా పెద్దల కార్యక్రమాలూ పెడుతుంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణ కూడా అక్కడికి దగ్గరే. వేల మంది వచ్చే సభలైతే విశ్వవిద్యాలయం మైదానాలకు, లేదా రామకృష్ణా బీచి ఇసుకలోకి పోతాయి.

పిఠాపురం కాలనీలోని కళాభారతి తీరు వేరు. విశాఖ మ్యూజిక్ అండ్ డాన్స్ అకాడమీ నడుపుతున్న ఈ ఆడిటోరియంలో కర్ణాటక సంగీతానిదీ శాస్త్రీయ నృత్యాలదీ పెద్దపీట. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన వస్తుంది కనుక ఆ రోజుల్లో ఊళ్లో ఏదో ఒక చోట గోష్ఠిగానం వినవచ్చు. మధురవాడ వైపు వెళితే శిల్పారామం. అక్కడ జానపద కళలకు చోటెక్కువ.

విశాఖ ఉత్సవ్ సంగతి తరచుగా అడుగుతారు. అది ఏటా ఖాయంగా జరిగేది కాదు. 2019లో డిసెంబరు 28, 29 తేదీల్లో బీచిలో జరిగింది. కనుక ఫలానా నెలలో వుంటుందని నమ్ముకుని బస్సెక్కవద్దు. పత్రికలో నగరం పేజీలో వచ్చే 'నేటి కార్యక్రమాలు' చూసుకుని బయలుదేరడం క్షేమం. సంగీత సభలు, నాటక పోటీలు చాలావాటికి టిక్కెట్టు వుండదు. ముందు వరసలు అతిథులకు వదిలి, వెనక ఖాళీ వున్నచోట కూర్చోవచ్చు. సినిమా పాటల పెద్ద రాత్రులకు మాత్రం టిక్కెట్టు వుంటుంది. ఆ టిక్కెట్లు కూడా ఫోనుల్లోనే అమ్ముడుపోతున్నాయి. గేటు దగ్గర కొందాములే అనుకుని వంద కిలోమీటర్లు దాటి వెళ్లినవారు ఉత్త చేతులతో తిరిగి రావలసివస్తుంది.

కార్డులో ఆరు గంటలని వేస్తారు. ఆరున్నరకు జ్యోతి వెలిగిస్తారు. తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి మాట్లాడతారు. శాలువాలు కప్పుతారు. అసలు పాట ఎత్తుకునేసరికి ఏడు దాటుతుంది. మన ఆఖరి బస్సు మాత్రం ఉపన్యాసాల కోసం ఆగదు గదా!

బస్సు చిక్కు

2022 ఏప్రిల్ 4 దాకా మనకు జిల్లా కేంద్రం విశాఖపట్నమే. కలెక్టరు ఆఫీసు పని పడితే పట్నం వెళ్లేవారు. పని సాయంత్రానికి తెమలకపోతే ఆ రాత్రి ఏ బంధువు ఇంటనో వుండి, పనిలో పనిగా ఒక ఆటో పాటో చూసి వచ్చేవారు. ఆ రోజున పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. కాగితాల పనులు పాడేరుకు మారాయి. అది మంచిదే. దానితోపాటు పట్నం వేదికలు కూడా పొరుగు జిల్లావి అయిపోయాయి. నడుమ నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో వుంది. ఇప్పుడు లంబసింగి మనిషి విశాఖ వెళ్లేది ఎక్కువగా కె.జి.హెచ్.కే. ఆసుపత్రి వరండాలో పడిగాపులు పడేవారికి పాట వినే తీరిక ఎక్కడిది?

లంబసింగి నుంచి నర్సీపట్నానికి సుమారు 30 కిలోమీటర్లు, అదంతా మలుపుల దారి. నర్సీపట్నం నుంచి విశాఖకు మరో 80 వరకు. మధ్యాహ్నం బయలుదేరితే సాయంత్రం సభకు అందుకోవచ్చు. తిరుగు ప్రయాణమే కష్టం. సభ తొమ్మిదిన్నరకు ముగిస్తే నర్సీపట్నం దాకా చేరడమే గొప్ప. అక్కడినుంచి పొగమంచులో ఘాటెక్కే బండి దొరకదు. దొరికినా ఎక్కడం మంచిది కాదు. కనుక ఈ సీజనులో సభకని వెళ్లేవారు రాత్రి బస చూసుకునే వెళ్లాలి. మధ్యాహ్నం ఆటలు, ఆదివారం పగటిపూట నాటక పోటీలు వున్న రోజు చూసుకుంటే ఆ బెడద వుండదు.

ఆడవారికి ఒక సౌకర్యం వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపితే చాలు. సూపర్ లగ్జరీ, ఏ.సి. బస్సులకు ఇది వర్తించదు. ఎక్కేముందు కండక్టరును ఒక మాట అడగాలి. థింసా బృందంలో పదిహేను, ఇరవై మంది స్త్రీలుంటారు. ఇంతమందికి చార్జీలు తప్పడం చిన్న సంగతి కాదు. కాని ఇందులో ఒక మెలిక కూడా వుంది. బస్సు ఉచితమే గదా అని పిలిచినవారు బండి ఏర్పాటు మానేస్తే, డప్పులూ తుడుములూ కొమ్ములూ నెత్తిన పెట్టుకుని, వేషాల మూటలతో రెండు బస్సులు మారవలసివస్తుంది. వాయించే మగవారికి టిక్కెట్టు ఎలాగూ తప్పదు.

పది కొట్టగానే మైకు కట్టు

పట్నం సభలు పదింటికల్లా ఎందుకు కట్టేస్తారని చాలామందికి అనుమానం. వెనకటి రోజుల్లో హరికథ అంటే తెల్లవార్లూ. వీధి నాటకం అంటే కోడి కూసేదాకా. మన ఉత్తరాంధ్ర చెవి అలా పెరిగిన చెవి. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులుగా కూర్చున్నది హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి.సుశీల ఆ కళాశాల విద్యార్థులే. మైకు లేని రోజుల్లో గొంతు బలంతో వేలమందిని కూర్చోబెట్టినవారు ఈ ప్రాంతం వారు.

ఇప్పటి సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నిబంధనలు చేసింది. వీటి ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడు స్పీకరు పనికిరాదు. పగటిపూట పెట్టాలన్నా రాతపూర్వకమైన అనుమతి వుండాలి. నాలుగు గోడల మధ్య, లోపలివారికి మాత్రమే వినబడే ఆడిటోరియంలకు మినహాయింపు. 2010లో ఈ నిబంధనలను సవరించి లౌడు స్పీకర్ల సరసన వాయిద్యాలను కూడా చేర్చారు. అంటే అక్షరాల చదువుకుంటే రాత్రి పది దాటాక ఆరుబయట డప్పు, మోరి కూడా నిషిద్ధమే!

కొండ మీద ఊళ్లో పండుగ పూట ఎవరూ వచ్చి తుడుము ఆపమనరు. అయినా చట్టం చట్టమే. అందులోనే ఒక దారీ వుంది. సాంస్కృతిక, మతపరమైన పండుగల కోసం సంవత్సరంలో పదిహేను రోజులకు మించకుండా, రాత్రి పది నుంచి పన్నెండు వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆ రోజులు ఏవో ముందుగానే ప్రకటించాలి. పట్నం పండుగలకు ఈ సడలింపు అడిగేవారు చాలామంది వున్నారు. చైత్ర మాసంలో మన్యం పల్లెల్లో రాత్రంతా సాగే ఆటకు కూడా రెండు రోజులు కేటాయించమని పంచాయతీలు తీర్మానం చేసి పంపితే తప్పేముంది? అడిగే హక్కు వుంది. అడిగినవారికే వస్తుంది.

ఈ నిబంధన రెండో వైపు కూడా చూడాలి. గుడారాల దగ్గర అర్ధరాత్రి దాటేదాకా డి.జె. బాక్సులు మోగించే హక్కు కూడా ఎవరికీ లేదు. నిబంధనలు పట్నానికి ఒకటి, లంబసింగికి ఒకటి కావు. చంటిపిల్లలు, ముసలివారు నిద్రలేక బాధపడుతున్న ఊరివారు 112కు ఫోను చేసి చెప్పవచ్చు. ఆసుపత్రి, బడి, కోర్టులకు వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం అనే నియమం కూడా వీటిలోనే వుంది. చలికి జనం వస్తే ఊరికి నాలుగు రూపాయలు వస్తాయి, కాదనలేం. అయితే ఊరు నిద్రపోవాలి గదా.

గుండ్రటి ఆట, నలుచదరపు స్టేజీ

ఇక ఆడేవారి సంగతి. థింసా ఏమిటో ఈ జిల్లా పాఠకులకు చెప్పనక్కరలేదు. పట్నం వేదిక ఎక్కగానే దానికి ఏమవుతుందో చెప్పాలి.

ఊళ్లో థింసాకు ముందూ వెనకా లేవు. ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పెనవేసుకుని, పదిహేను ఇరవై మంది గొలుసుగా కదులుతారు. గొలుసు చుట్ట చుట్టుకుంటుంది, విప్పుకుంటుంది. చూసేవారు చుట్టూ వుంటారు. కాసేపటికి వారిలో సగం మంది గొలుసులో చేరిపోతారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు దగ్గరలోనే వుంటాయి కనుక వాయించేవారి కళ్లు ఆడేవారి కాళ్ల మీదుంటాయి. అడుగు మారితే దెబ్బ మారుతుంది.

పట్నం స్టేజికి మూడు వైపులా గోడలు, ఒక వైపు జనం. గుండ్రంగా తిరిగితే సగం మంది వీపులు జనానికి కనబడతాయని నిర్వాహకులు వరసగా నిలబడమంటారు. వరసలో నిలబెడితే గొలుసు కాస్తా కంచె అవుతుంది. స్టేజి ఇరుకైతే ఇరవై మందిలో ఎనిమిది మందినే ఎక్కిస్తారు. వాయిద్యాలవారిని ఒక మూలకు తోస్తారు. అక్కడినుంచి వారికి ఆడేవారి పాదాలు కనబడవు. మైకు డప్పు ముందు పెడతారు, మోరి ఎవరికీ వినబడదు. మోరి లేని థింసా ఉప్పు లేని కూర.

ఇంకొకటి, నిప్పు. డప్పు చర్మాన్ని మంట దగ్గర కాచుకుంటేనే పలుకుతుంది. తేమ తగిలితే మెత్తబడి మాట పడిపోతుంది. లంబసింగి మంచులో అయితే ఆట మధ్యలో రెండు మూడు సార్లు కాచుకోవలసిందే. ఊళ్లో నెగడు పక్కనే వుంటుంది కనుక ఇబ్బంది లేదు. ఏ.సి. హాలులో నిప్పు ముట్టించనివ్వరు, ముట్టించకూడదు కూడా. వంతు వచ్చేదాకా తెర వెనక రెండు గంటలు కూర్చుంటే డప్పు చల్లబడుతుంది. బయటికి పోయి కాగితాలు కాల్చి కాచుకుని వచ్చేసరికి పేరు పిలిచేస్తారు. ఈ బాధ పడలేక చాలాచోట్ల బృందాలు ప్లాస్టిక్ మూతల డప్పులకు మారుతున్నాయి. వాటికి కాపు అక్కరలేదు. తడిసినా మోగుతాయి. మోత మాత్రం డబ్బా మోత.

అన్నిటికంటె పెద్ద కోత కాలానిది. ఊళ్లో రాత్రంతా సాగేదాన్ని పట్నంలో ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు చూపిస్తారు. చాలాసార్లు అది కూడా వేదిక మీద కాదు. మంత్రి గారో మరొకరో కారు దిగి వచ్చేటప్పుడు దారికి రెండు పక్కలా ఆడమంటారు. ఆయన నడిచిపోయాక ఆట అయిపోయినట్టే. పూలదండకూ థింసాకూ అక్కడ తేడా లేదు.

పది నిమిషాల్లో ఏం చూపగలరు? ఆకులు ఏరే పొతర్ తోల, పులి మీద పడినప్పటి బాగ్ థింసా, వంగి రాళ్లు ఏరుతూ ఊగే గొడ్డిబేట, భుజాలతో ఒకరినొకరు నెట్టుకునే కుండ థింసా, ఊరి దేవతకు మొక్కుగా ఆడే బోడ థింసా, ఒంటరిగా ఆడే నాటికారి. ఒక్కొక్కదానికి అడుగు వేరు, దెబ్బ వేరు. పట్నం వేదికకు అన్నిటికీ కలిపి ఒకటే 'థింసా'. అడిగేది ఆ ఒక్కటే కనుక నేర్చుకునే పిల్లలు కూడా ఆ ఒక్కటే నేర్చుకుంటున్నారు. మిగిలినవి తెలిసిన ముసలివాళ్లు పోతే అవి వారితోపాటే పోతాయి. పట్నంలో చప్పట్లు ఎక్కువవుతున్నకొద్దీ ఊళ్లో అడుగులు తక్కువవుతున్నాయి. ఈ సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

అలాగని స్టేజి ఎక్కవద్దని అనడం లేదు. చేతికి కూలి వస్తుంది, నలుగురూ చూస్తారు, పిల్లలకు నేర్చుకోవాలనే ఉత్సాహం వుంటుంది. అరకులో గిరిజన మ్యూజియం, టూరిజం వారి వసతి గృహాల దగ్గర చూడ వచ్చేవారి కోసం థింసా ఆడడం చాలాకాలంగా వుంది. ఆ ఆదాయం మీద నిలబడిన బృందాలూ వున్నాయి. ఆ ఆట ఎలాంటి షరతుల మీద సాగాలన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒప్పుకునేముందు అడగాల్సినవి

పిలుపు వచ్చినప్పుడు బృందం పెద్ద నోటి మాటతో ఒప్పుకుని రావడం మామూలు. ఆ తర్వాత గొడవ. నాలుగు ముక్కలు కాగితం మీద రాయించుకుంటే చాలా బాధలు తప్పుతాయి. ఎంతమందికి, తలకు ఎంత, ఎప్పుడిస్తారు అనేది మొదటిది. డబ్బు తర్వాత పంపిస్తామంటే ఎవరి ఖాతాకు అన్నది ఆ రోజే తేల్చుకోవాలి. మధ్యవర్తి ఖాతాకు పోయిన సొమ్ము కొండెక్కదు. బండి ఎక్కడినుంచి ఎక్కడిదాకా అనేది రెండోది. నర్సీపట్నంలో దింపేస్తే చాలదు, ఊరిదాకా రావాలి. రాత్రి ఆట అయితే పడకా, ఉదయం తిండీ వుండాలి.

మరికొన్ని ఎవరూ అడగనివి. స్టేజి ఎంత వెడల్పు? ఇరవై మంది గొలుసు తిరగడానికి చోటు లేకపోతే స్టేజి కిందనే, జనం మధ్యనే ఆడతామని చెప్పవచ్చు. చూసేవారికి కూడా అదే బాగుంటుంది. డప్పు కాచుకోవడానికి ఆరుబయట ఒక చోటు, ఒక కుంపటి ఇస్తారా? మోరికి విడిగా మైకు పెడతారా? పది నిమిషాలే ఇస్తే అందులో ఏ థింసా ఆడాలో మేమే చెబుతామని, మైకులో దాని పేరు చెప్పించాలని అడగాలి. పేరు వినబడితేనే అది ఒకటి వుందని పట్నంవారికి తెలుస్తుంది. ఈ ఏడు బాగ్ థింసా ఆడితే వచ్చే ఏడు ఇంకొకటి. అలాగైతే ఇంటి దగ్గర పిల్లలు కూడా రెండూ నేర్చుకుంటారు.

పింఛన్ల సంగతి ఒకటి వుంది. రాష్ట్రంలో సామాజిక పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులన్న విభాగం వుంది. 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు. జాబితాలో డప్పు పేరుంది కాని మోరి ఊదేవాడి పేరు, తుడుము కొట్టేవాడి పేరు విడిగా లేవు. అర్హతలు ఏమిటో, మన వాయిద్యగాళ్లు దానిలోకి వస్తారో రారో సచివాలయంలో అడిగి తేల్చుకోవాలి. రారంటే, చేర్చమని అర్జీ పెట్టుకోవాలి. మోరి ఊదడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఊదేవాడికి వయసు మీరితే ఆ బృందం మూగబోతుంది.

కొండ మీద రాబోయేవి

నవంబరు 15న బిర్సా ముండా జయంతిని 2021 నుంచి దేశమంతటా గిరిజన గౌరవ దినంగా జరుపుతున్నారు. ఆ రోజు పాడేరు, అరకు వైపు కార్యక్రమాలుంటాయి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం తర్వాత బృందాలకు పిలుపులు వచ్చేది ఈ రోజుకే.

చలికాలం ఉత్సవం పేరుతో అరకులోయలో 2025లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు మూడు రోజులు చలి ఉత్సవ్ జరిగింది. ఇలాంటి ప్రభుత్వ ఉత్సవాల తేదీలు నెల ముందు కూడా ఖరారు కావు. ఒక ఏడాది వుంటాయి, ఒక ఏడాది వుండవు. బృందాలవారు పాడేరు ఐ.టి.డి.ఎ. కార్యాలయంలో పేర్లు, వాయిద్యాలు, ఎంతమంది అన్నది ముందే రాయించుకుని వుంటే పిలిచినప్పుడు మన మండలం బృందాలకూ వంతు వస్తుంది. థింసా అనగానే అరకు వైపే చూడడం పట్నంవారికి అలవాటైపోయింది. చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల మండలాల్లో ఆట లేదా?

లంబసింగిలో నెగళ్ల దగ్గర ఆట డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాల్లో ఎక్కువ. ఈ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట వున్నవాడు కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే ఉష్ణోగ్రతలు పత్రికలో వచ్చిన మర్నాడు కార్లు మరింత పెరుగుతాయి. కోట్లూ కంబళ్లూ కప్పుకుని కూర్చున్నవారి ముందు మన ఆడపిల్లలు పలచటి చీరలతో, చెప్పులు లేని కాళ్లతో మంచు పడిన నేల మీద ఆడతారు. గంటసేపు ఆడితే ఒళ్లు వేడెక్కుతుంది, నిజమే. ఆట ఆపి డబ్బుల కోసం నిలబడిన అరగంటలో తెలుస్తుంది చలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపు ఆట ముగించాలని, ఎనిమిది తర్వాత పిలిస్తే వచ్చేది లేదని ఊళ్లవారే ఒక మాట మీద వుంటే గుడారాలవారు కూడా దానికి అలవాటు పడతారు. మంట చుట్టూ ఆడేది మన ఆట కనుక, కుర్చీలు కాస్త వెనక్కి జరిపించి మంట దగ్గరి చోటు ఆడేవారికే వుంచాలి. డప్పుకూ అదే మందు.

చైత్రంలో ఇటెల పండుగ. దానికి కరపత్రం లేదు, టిక్కెట్టు లేదు, ముఖ్య అతిథి లేరు. ఒక ఊరివారు ఇంకొక ఊరికి ఆడుతూ పోయి, అక్కడ విందు తిని, ఆడి రావడం వుంది. దాన్ని సంకిడి కేల్బార్ అంటారు. కొన్ని ఊళ్లలో ఇది సన్నబడింది. పట్నం పిలుపుల కోసం బృందం కట్టినవారు సొంత ఊరి పండుగనాడు ఎవరో ఒకరి ప్రోగ్రాముకు వెళ్లిపోవడం కూడా ఒక కారణం. ఆ మూడు నాలుగు రోజులూ ఎక్కడి పిలుపునూ ఒప్పుకోమని కొన్ని బృందాలైనా గట్టిగా అనుకోవాలి. పిల్లలు అన్ని అడుగులూ ఒక్కచోట చూసేది ఆ రాత్రులే.

మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర. 2014 నుంచి ఇది రాష్ట్ర పండుగ. మూడు రోజులు జరుగుతుంది. మైదానంలో పెద్ద స్టేజి కడతారు, సినిమా పాటల పార్టీలు వస్తాయి, దీపాలూ బాణసంచా. అమ్మవారి ఘటాలు ఊరేగేటప్పుడు ముందు నడిచేవి మాత్రం డప్పులే. ఆ దారి పొడుగునా ఎవరూ గడియారం చూడరు. లంబసింగి నుంచి వెళ్లేవారు చింతపల్లి మీదుగా బస్సుల వేళలు ఒక రోజు ముందే కనుక్కోవాలి. జాతర రోజుల్లో రద్దీ ఎక్కువ. స్త్రీలు ఆధార్ కార్డు కొంగున కట్టుకుని బయలుదేరాలి. డప్పులు తీసుకువెళ్లేవారు ఆ నెలలో కాచుకునే పని అంతగా వుండదు. ఎండే కాస్తుంది.